స్టేజీ మీద పేలిన హాస్యం టీవీ లైవ్‌లో ఎందుకు చప్పబడుతుంది?

మీరు అడిగినవి రెండు విషయాలు. హెయిర్‌స్ప్రే, గ్రీజ్ వంటి సంగీత హాస్య నాటకాలను అమెరికా ఛానెళ్లు ప్రత్యక్ష ప్రసారంగా ఇచ్చినప్పుడు, థియేటర్‌లో జనాన్ని కడుపుబ్బ నవ్వించే సన్నివేశాలు కొన్ని టీవీలో తేలిపోవడానికి కారణమేమిటన్నది ఒకటి. అటువంటి నాటకాన్ని లైవ్‌కి మలచాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది మరొకటి. స్టూడియో కంట్రోల్ రూమ్ అయిన పీసీఆర్‌లోనూ, బయటి ప్రసారాలకు వాడే ఓబీ వ్యాన్‌లోనూ కూర్చుని చాలా ఏళ్లపాటు మల్టీకెమెరా కార్యక్రమాలు, వాటితోపాటు కొన్ని నాటకాలు నడిపినవాడిగా నేను చెప్పగలిగిన జవాబు ఈ రెండింటికీ ఒకటే. నవ్వు ఎక్కడి నుంచి రావాలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. సెట్టు, కెమెరాలు, స్క్రిప్టులో కోతలు, వాద్యబృందం, ప్రకటనల విరామాలు అన్నీ ఆ నిర్ణయాన్ని బట్టే కుదురుతాయి. నిర్మాతలు సాధారణంగా ఎన్ని కెమెరాలు కావాలన్న దగ్గర లెక్క మొదలుపెడతారు; నవ్వు సంగతి వేషాలు వేసుకుని చేసే డ్రెస్ రిహార్సల్ నాడు గాని వాళ్లకు గుర్తుకు రాదు. అప్పటికి సెట్టు వేసేసి ఉంటారు కాబట్టి ప్రేక్షకులను కూర్చోబెట్టే చోటు కూడా మిగలదు.

రంగస్థలం మీద హాస్యనటుడు మాట విసిరి, హాల్లో నవ్వు లేచి, శిఖరానికి చేరి, సగానికి దిగేదాకా ఆగి, పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట అందుకుంటాడు. ఈ ఆగడం ఎంతసేపన్నది ఏ స్క్రిప్టులోనూ రాసి ఉండదు. వందల ప్రదర్శనల్లో జనం అతనికి నేర్పినది అది. హెయిర్‌స్ప్రే 2002 ఆగస్టులో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేలో మొదలై 2009 జనవరి దాకా 2,642 ప్రదర్శనలు ఆడింది. అన్నిసార్లు ఆడిన నాటకంలో మాటకూ మాటకూ మధ్య ఉన్న ప్రతి ఖాళీ ప్రేక్షకుల నవ్వు కొలతకు కుట్టినదే. ఆ నాటకాన్ని ప్రేక్షకులు లేని స్టూడియోకి యథాతథంగా తెస్తే ఆ ఖాళీలు ఖాళీలుగానే వినిపిస్తాయి. నటుడు ఆగుతాడు, ఎవరూ నవ్వరు, ఇంట్లో చూసేవాడికి అతను మాట మరిచిపోయాడేమోనన్న అనుమానం వస్తుంది. మీరు చప్పదనం అంటున్నది చాలా మట్టుకు ఇదే.

ఎన్‌బీసీ అనుభవం చూడండి. 2013 డిసెంబర్ 5న ఆ ఛానెల్ సౌండ్ ఆఫ్ మ్యూజిక్‌ను లాంగ్ ఐలండ్‌లోని బెత్‌పేజ్ స్టూడియో నుంచి లైవ్‌గా ఇచ్చింది. స్టూడియోలో ప్రేక్షకులు లేరు. పాట ముగిసిన వెంటనే నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలోంచే తర్వాతి సంభాషణ. అయినా సుమారు 1.86 కోట్ల మంది చూశారు, ఆ కథ కూడా ప్రధానంగా హాస్యం మీద ఆధారపడినది కాదు కాబట్టి పెద్దగా నష్టం కలగలేదు. మరుసటి ఏడాది అదే స్టూడియోలో, అదే పద్ధతిలో పీటర్ పాన్ చేసినప్పుడు తేడా బయటపడింది. అందులో సముద్రపు దొంగ కెప్టెన్ హుక్ పాత్ర స్వభావమే జనంతో సరసమాడడం. క్రిస్టఫర్ వాకెన్ వంటి నటుడు ఆ పాత్ర వేసినా, అతను విసిరిన మాటలకు తిరుగు జవాబు ఇచ్చే హాలు అక్కడ లేదు. ఫాక్స్ ఛానెల్ 2016 జనవరి 31న గ్రీజ్ చేసినప్పుడు ఈ లోపాన్ని సరిగ్గా పట్టుకుంది. బర్బ్యాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోల్లో సెట్ల చుట్టూ, కొన్ని చోట్ల సెట్లలోనే, ప్రేక్షకులను కూర్చోబెట్టారు. స్కూలు జిమ్నాజియం సన్నివేశంలో అరిచి చప్పట్లు కొట్టే జనం కథలోని విద్యార్థులుగానూ, మన తరఫు ప్రేక్షకులుగానూ ఒకేసారి పనికొచ్చారు. ఆ ప్రసారం ఆ ఏడాది టీవీ అవార్డు ఎమ్మీ గెలుచుకోవడానికి చాలా కారణాలు ఉండవచ్చు. నా దృష్టిలో మొదటిది ఇదే.

ప్రేక్షకులను పెట్టుకున్నంత మాత్రాన పని తీరిపోదు. స్టూడియోలో కూర్చున్న మనిషికీ నటుడికీ మధ్య కెమెరాలు, పొడవాటి చేయి చివర కెమెరాను లేపే జిమ్మీ జిబ్, కేబుళ్లు లాగేవాళ్లు అడ్డం ఉంటారు. కనబడకపోతే నవ్వడు. అందుకని పెద్ద తెరలు పెడతారు. తెర మీద బొమ్మ కొన్ని ఫ్రేముల ఆలస్యంతో వస్తుంది. మన ప్రమాణంలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, నాలుగు ఫ్రేములు ఆలస్యమైతే 160 మిల్లీసెకన్లు. మాట చెవికి ముందు చేరి, ముఖం కంటికి ఆలస్యంగా చేరితే నవ్వు చీలిపోతుంది, సగం మంది ముందు, సగం మంది వెనక. వీలైనంత మంది నటుడిని నేరుగా చూసేలా కూర్చోబెట్టి, కెమెరా దారులను ఆ చూపులకు అడ్డం రాకుండా నేల మీద గీయడం సెట్ డిజైనర్‌తో మొదటి సమావేశంలోనే తేల్చవలసిన విషయం. ఇక నవ్వును పట్టే మైకులు వేరు. వాటిని జనం నెత్తిన వేలాడదీసి, స్పీకర్ల ధ్వని వాటిలోకి దూరకుండా దిశ చూసుకుని, ఆడియో ఇంజినీరు చేతిలో ధ్వనిని పెంచి తగ్గించే ఫేడర్ ఒకటి ప్రత్యేకంగా కేటాయించి దాని మీద ఉంచాలి. నటుల కాలర్ మైకుల్లోకి లీకయ్యే నవ్వును నమ్ముకుంటే ఇంట్లో వినేవాడికి ఎక్కడో పక్కింట్లో జనం నవ్వుతున్నట్లుంటుంది. ప్రసారానికి ముందు జనాన్ని ఉల్లాసపరిచే మనిషి ఒకడు ఉండడం మంచిదే గాని, బోర్డు చూపించి నవ్వించడం మాత్రం వద్దు. లైవ్‌లో అది వెంటనే పట్టుబడుతుంది. రికార్డు చేసిన నవ్వును మీట నొక్కి వదలడం 1950ల నాటి అమెరికా సిట్‌కామ్‌ల అలవాటు. పాట మధ్యలో అది ఎంత అసహ్యంగా ఉంటుందో ఒకసారి విన్నవారెవరూ రెండోసారి అడగరు.

ప్రేక్షకులు కుదరకపోతే నిజాయితీగా రెండో దారి పట్టాలి, అంటే మాటల లయనే తిరగరాయాలి. నవ్వు కోసం వదిలిన ఖాళీలన్నీ మూసేసి, ఒక పాత్ర మాట మీదనే మరో పాత్ర మాట పడేలా సంభాషణను బిగించాలి. ఎక్కడ హాలు నవ్వేదో అక్కడ ఇప్పుడు ఎదుటి పాత్ర ముఖం కనిపించాలి. నవ్వు చేసే పనిని ప్రతిస్పందన షాట్ చేయాలి. ఇది కష్టమైనా సాధ్యమే. సాధ్యం కానిది మధ్యేమార్గం. స్టేజీ లయను అలాగే ఉంచి, సెట్‌లో పనివాళ్లు, కోరస్ సభ్యులు పది మంది నవ్వితే చాలునని అనుకోవడం వల్ల రెండు విధాలా చెడుతుంది.

కెమెరా విషయంలో ఒక్క సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. హెయిర్‌స్ప్రేలో నాయిక తల్లిదండ్రులు ఎడ్నా, విల్బర్ పాడుకునే యుగళగీతం ఒకటి ఉంది. ఎడ్నాగా మగ నటుడు వేయడం ఆ నాటక సంప్రదాయం. బ్రాడ్వేలో హార్వే ఫైర్‌స్టీన్, డిక్ లాటెస్సా ఆ జంటగా నటించి 2003లో ఇద్దరూ నాటకరంగపు టోనీ అవార్డులు అందుకున్నారు; 2016 డిసెంబర్ 7 నాటి ఎన్‌బీసీ ప్రసారంలో ఫైర్‌స్టీన్ పక్కన మార్టిన్ షార్ట్ నటించాడు. వయసు మీరిన భార్యాభర్తలు ఒకరినొకరు మురిపెంగా ఎత్తిపొడుచుకునే పాట అది. ఇలాంటి పాటను చూడగానే కొత్త డైరెక్టర్‌కు కలిగే కోరిక ఏమిటంటే, పాడుతున్నవారి క్లోజప్ వేసి, చరణం మారగానే రెండోవారి క్లోజప్‌కు కట్ చేయడం. అలా చేస్తే హాస్యం చచ్చిపోతుంది. ఎందుకంటే ఆమె ఎత్తిపొడుస్తున్నప్పుడు నవ్వు పుట్టేది అతని మోకాళ్ల దగ్గర, భుజాల దగ్గర, అతను వెనక్కి వేసిన అరఅడుగులో. నేనైతే రెండో కెమెరాను ఇద్దరినీ మోకాళ్ల పైనుంచి చూపేలా నిలిపి, పాటలో మూడొంతులు దాని మీదే నడుపుతాను. ఎడమ కెమెరా ఆమె ముఖం మీద, కుడి కెమెరా అతని ముఖం మీద సిద్ధంగా ఉంటాయి. ఎత్తిపొడుపు మాట పూర్తయ్యేదాకా కట్ లేదు. నవ్వు లేచి శిఖరం దాటిన క్షణంలో మాట పడినవారి ముఖానికి కట్. అక్కడ కనురెప్పలాడించేంత సేపు. మళ్లీ ఇద్దరి షాట్. నవ్వు లేస్తుండగా కట్ చేస్తే ఇంట్లో చూసేవాడి కన్ను కొత్త బొమ్మను చదివే పనిలో పడి నవ్వడం మానేస్తుంది. శరీరంతో చేసే హాస్యానికి, అంటే జారిపడడం, తలుపు తగలడం, తప్పు అడుగు వేయడం వంటివాటికి, తల నుంచి పాదాల దాకా ఒకే షాట్ తప్ప గతి లేదు. మూకీ సినిమాల కాలం నుంచి తెలిసిన సూత్రమే ఇది. చేతిలో ఎక్కువ కెమెరాలున్నవారే దీన్ని ఎక్కువగా మరిచిపోతారు.

స్టేజీ మీద ఇటువంటి యుగళగీతాల్లో నటులు కొంత స్వేచ్ఛ తీసుకుంటారు. ఒకరోజు ఒకరు నవ్వాపుకోలేక ఆగుతారు, మరోరోజు లేని మాట ఒకటి కలుపుతారు, జనం అందుకోసమే ఎదురుచూస్తారు. లైవ్ ప్రసారంలో షాట్లన్నీ ముందే అంకెలు వేసి కెమెరామన్‌ల చేతికి కార్డులుగా ఇచ్చి ఉంటాయి కాబట్టి ఈ స్వేచ్ఛను పూర్తిగా అణచివేయాలని స్టేజ్ మేనేజర్లు వాదిస్తారు. ఆ వాదనతో నేను ఏకీభవించను. నాటకం మొత్తంలో మూడు నాలుగు చోట్ల స్క్రిప్టులో పెట్టె గీసి, ఆ పెట్టె లోపల ముందే వేసిన షాట్ అంకెలు వర్తించవనీ, అక్కడ డైరెక్టర్ చూసి పిలుస్తాడనీ అందరికీ చెప్పాలి. పెట్టె బయటికి వచ్చే మాట ఒకటి నిర్ణయించి, నటుడు ఎంత దూరం తిరిగినా చివరికి ఆ మాట అనవలసిందేనన్న ఒప్పందం ఉండాలి. ఆ మాట వినగానే కెమెరా బొమ్మలను మార్చే విజన్ మిక్సర్, లైటింగ్, ప్లేబ్యాక్ అన్నీ తిరిగి అంకెల్లోకి వస్తాయి.

సంగీతం దగ్గరికి వస్తే, పీసీఆర్‌లో పాటను నడిపేది డైరెక్టర్ కాదు, పక్కన స్వరలిపి ముందు పెట్టుకుని ఆవర్తనాలు లెక్కపెట్టే అసోసియేట్ డైరెక్టర్. నిమిషానికి 120 దెబ్బల వేగంతో, ఆవర్తనానికి నాలుగు దెబ్బలుగా నడిచే పాటలో ఒక్కో ఆవర్తనం రెండు సెకన్లు. సిబ్బంది చెవుల్లో వినిపించే టాక్‌బ్యాక్‌లో ఆ లెక్క వినిపిస్తూ ఉంటేనే జిబ్ మూడో ఆవర్తనంలో లేచి ఐదో ఆవర్తనం మొదటి దెబ్బకు పైన ఆగగలదు. ఇప్పుడు జనం అనుకున్నదానికంటే మూడు సెకన్లు ఎక్కువ నవ్వారనుకోండి. ఒకటిన్నర ఆవర్తనం జారిపోయింది. వాద్యబృందం కళ్లెదుట ఉంటే కండక్టర్ ఆగగలడు. ముందే రికార్డు చేసిన సంగీతం ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. అందువల్ల హాస్యం పండే ప్రతి చోటా వాద్యం ఒకే ఆవర్తనాన్ని తిప్పుతూ నటుడి సంజ్ఞ కోసం వేచి ఉండే ఏర్పాటు, బ్రాడ్వేవాళ్లు వ్యాంప్ అనేది, చెక్కుచెదరకుండా ఉంచాలి. ట్రాక్ వాడవలసి వస్తే దాన్ని ముక్కలుగా కోసి, తిప్పవలసిన ముక్కను ఆపరేటర్ ఎన్నిసార్లైనా తిప్పి, సంజ్ఞ అందగానే ముందుకు దూకేలా సిద్ధం చేయాలి. వాద్యబృందాన్ని వేరే గదిలో కూర్చోబెట్టినా ఫరవాలేదు, కండక్టర్ నటులకు తెర మీద కనబడుతూ, కండక్టర్‌కు నటులు ఆలస్యం లేని బొమ్మలో కనబడుతూ ఉండాలి. గొంతులు మాత్రం లైవ్‌గా ఉండవలసిందే. పెదవులు కదిపే హాస్యనటుడు మాట విరుపులో ప్రాణం పెట్టలేడు.

పద్యనాటకాలు చూసి పెరిగినవారికి ఇదంతా కొత్త కాదు. రాగం తీస్తున్న నటుడి కోసం హార్మోనియం కాచుకుని ఉండడం, జనం వన్స్ మోర్ అని అరిస్తే మరణించిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ అందుకోవడం మన రంగస్థలం ఎరిగినదే. లైవ్ టీవీలో కుదరనిది ఆ వన్స్ మోర్ ఒక్కటే. మిగిలిన సాగుడుకు చోటు కల్పించవచ్చు, దానికి సమయం లెక్క ముందే వేసుకుంటే.

సమయం లెక్క ఎలా వేస్తారంటే, అమెరికాలో ఇటువంటి ప్రసారానికి మూడు గంటల స్లాటు ఇస్తారు. ప్రకటనలు పోగా రెండు గంటల పది నిమిషాలకు కాస్త అటూ ఇటూగా నాటకానికి మిగులుతుంది. మన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు కాబట్టి అదే మూడు గంటల్లో ఇక్కడ ఇంకాస్త ఎక్కువ దొరుకుతుంది. బ్రాడ్వే సంగీత నాటకం విరామంతో కలిపి రెండున్నర గంటలు నడిచినా, అందులో ఉన్నది ఒకే విరామం. దాన్ని టీవీ కోసం ఏడెనిమిది చోట్ల తెంచాలి. ఎక్కడ తెంచాలన్నది స్క్రిప్టు రాసేవారి పనే గాని మార్కెటింగ్‌వాళ్ల పని కాదు. పాట ముగిసి చప్పట్లు మోగుతుండగా విరామానికి వెళ్లడం సులువుగా తోచినా, తిరిగి వచ్చేసరికి జనం చల్లబడి ఉంటారు. పైగా చప్పట్లతో ఒక అంకం ముగిసిన భావం కలిగి ఇంట్లోవాడు రిమోట్ అందుకుంటాడు. కథలో ప్రశ్న ఒకటి గాలిలో వేలాడుతుండగా, పాటకు ముందు తెంచడం మేలు. తిరిగి రాగానే పాటతో మొదలైతే హాలు కూడా వెంటనే వేడెక్కుతుంది.

కోతల దగ్గర చాలామంది చేసే పని, నవ్వు రాని మాటలు తీసేయడం. కాగితం మీద చూస్తే అవే అనవసరంగా కనిపిస్తాయి. కానీ ఇరవై నిమిషాల తర్వాత పేలబోయే మాటకు మందు కూరేది ఆ నిస్సారమైన మాటే. కోయవలసి వస్తే విత్తనాన్నీ ఫలాన్నీ కలిపే కోయాలి; ఒకటి ఉంచి మరొకటి తీస్తే మిగిలినది బరువే. హెయిర్‌స్ప్రే టీవీ స్క్రిప్టును ఎడ్నా పాత్రధారి ఫైర్‌స్టీనే రాయడంలో ఒక సౌలభ్యం ఉంది. ఏ మాటకు ఏ మూల నుంచి నవ్వు వస్తుందో ఒంటితో తెలిసినవాడు కత్తెర పట్టాడు. ఆ నాటకానికి మరో అదృష్టం కూడా కలిసి వచ్చింది. దాని కథ 1962 నాటి బాల్టిమోర్‌లో ఒక స్థానిక టీవీ డాన్స్ షో చుట్టూ తిరుగుతుంది; కథలోనే కెమెరాలున్నాయి, కథలోనే కార్యక్రమ వ్యాఖ్యాత ఉన్నాడు, స్పాన్సర్ ఉన్నాడు. అందువల్ల కెమెరా వైపు నేరుగా చూసి మాట్లాడడం అక్కడ అసహజం కాదు. మీరు ఎంచుకునే నాటకంలో ఇటువంటి కిటికీ ఏదైనా ఉందేమో ముందే వెతకండి. సూత్రధారి ఉన్న నాటకాలకు ఈ విషయంలో సగం పని తప్పుతుంది, ఎందుకంటే విరామం ముందూ వెనకా జనంతో మాట్లాడే హక్కు అతనికి పుట్టుకతోనే ఉంది.

ప్రసారం కచ్చితంగా ఫలానా నిమిషానికి ముగియాలి, నవ్వులు మాత్రం కచ్చితంగా రావు. ఈ రెండింటినీ సర్దేందుకు సాగదీయగల, కుదించగల ముక్కలు ముందే ఉండాలి. హెయిర్‌స్ప్రే ప్రసారంలో డారెన్ క్రిస్ తెర వెనుక తిరుగుతూ జనంతో, నటులతో ముచ్చటించిన ముక్కలు చూసి చాలామంది విసుక్కున్నారు. కథలోంచి బయటికి లాగుతున్నాయని వారి ఆరోపణ. ఆరోపణ నిజమే. అయినా కంట్రోల్ రూమ్ కంటితో చూస్తే అటువంటి ముక్క దొరకడం వరం, నలభై సెకన్లు అటో ఇటో అక్కడే సరిపెట్టవచ్చు. పరిషత్తు పోటీల్లో గంట కొట్టేలోపు నాటకం ముగించడం అలవాటున్న మన దర్శకులు ఈ క్రమశిక్షణను త్వరగానే పట్టుకుంటారని నా నమ్మకం.

పని పంపకం గురించి ఒక మాట. గ్రీజ్‌కు థామస్ కెయిల్, అలెక్స్ రుడ్జిన్‌స్కీ అని ఇద్దరు దర్శకులున్నారు. ఒకరు రంగస్థలం మనిషి, మరొకరు లైవ్ టీవీ మనిషి. హెయిర్‌స్ప్రేకు కెన్నీ లియోన్‌తో అదే రుడ్జిన్‌స్కీ జతకట్టాడు. నటనకూ కెమెరాకూ వేర్వేరు యజమానులుండడం గొడవలకు మూలమని మనకు అనిపిస్తుంది గాని, ఒకే మనిషి రెండూ చేస్తే ప్రసారం రాత్రి నటుల దగ్గర ఎవరూ ఉండరు, ఎందుకంటే అతను వ్యాన్‌లో ఇరుక్కుపోతాడు. రంగస్థల దర్శకుడి కన్ను లేకపోతే ఏమి పోతుందో గ్రీజ్‌లోని ఒక పాట చూస్తే తెలుస్తుంది. అమ్మాయిలు పడకగదిలో కబుర్లాడుతుండగా మార్టీ పాత్రలోని కీకీ పామర్ పాట అందుకుంటుంది. ఆ గదే విడిపోయి సైనికుల వినోద ప్రదర్శన వేదికగా మారుతుంది, ఆమె దుస్తులు కళ్లముందే మారి తళుకుల ఎర్ర గౌనులోకి వస్తుంది, మళ్లీ పాట ముగిసేసరికి గదిలోకి చేరుతుంది. సినిమాలోనైతే కట్ చేస్తే చాలు, ఎవరికీ ఆశ్చర్యం కలగదు. అక్కడ కట్ చేయకపోవడమే ఆనందం. స్టేజీ మోసాన్ని కెమెరా దాచకుండా దాని వెంట నడిచింది. సురభివారి నాటకాల్లో తీగల మీద ఎగిరే వస్తువులను చూసి మనం మురిసిపోయేది కూడా తీగలు ఉన్నాయని తెలిసే కదా.

నటన మోతాదు తగ్గించాలని అందరూ చెబుతారు, అది సగం నిజం. బాల్కనీ చివరి వరుసకు చేరవలసిన కనుబొమ్మను క్లోజప్‌లో అంతే ఎత్తితే వికారంగా ఉంటుంది. కానీ గొంతునూ ఒంటినీ కూడా సినిమా స్థాయికి దించితే పాట మొదలవగానే మనిషి మారిపోయినట్లుంటుంది. ముఖాన్ని తగ్గించి, ఒంటిని అలాగే ఉంచమని నేను చెబుతాను. విగ్గు అంచు, ఒళ్లు లావుగా కనబడేందుకు తొడిగే దూది కవచం, చెమట, ఇవన్నీ హెచ్‌డీ కెమెరా ముందు ఒకసారి లైట్లన్నీ వేసి చూడవలసినవి. ముఖ్య పాత్రలకు రెండేసి మైకులు, రెండేసి ట్రాన్స్‌మిటర్లు పెట్టండి. హాస్యంలో ఒక్క మాట వినిపించకపోతే దాని మీద నిలబడ్డ మూడు మాటలు కూలతాయి.

బూతు, ద్వంద్వార్థాల సంగతి ఛానెల్‌తో రిహార్సల్స్ మొదలయ్యే ముందే తేల్చుకోండి. గ్రీజ్‌లో కారు గురించిన పాటలోని మోటు మాటలు ఫాక్స్ ప్రసారంలో మారాయి. మార్చిన మాట ప్రాసలో పడాలి, లేకపోతే ఏదో దాచారన్న సంగతే నవ్వు తెప్పిస్తుంది. హక్కుల విషయంలో నాటకం ఆడుకునే అనుమతి వేరు, దాన్ని ప్రసారం చేసే అనుమతి వేరు. మాటలు, పాటలు, స్వరాలు వేర్వేరు వ్యక్తులవైతే అందరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోవాలి. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులకు కూడా హక్కులున్నాయి కాబట్టి నటుల ఒప్పందాల్లో ప్రసారం, పునఃప్రసారం, ఇంటర్నెట్ మూడూ పేర్కొనాలి. రచన రూపురేఖలు చెడగొడితే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు అదే చట్టంలో ఉంది. కోతలు చూపించి సంతకం తీసుకోవడం మర్యాద కూడా.

ప్రమాదాలకు సిద్ధపడడం గురించి రెండు ఉదాహరణలు చాలు. గ్రీజ్ ప్రసారం రోజున లాస్ ఏంజెలెస్‌లో వాన పడింది. ఆరుబయట తీయవలసిన ప్రారంభ గీతాన్ని గొడుగులు పట్టుకునే నడిపించారు, జనానికి ఆ గొడుగులే నచ్చాయి. 2019 జనవరి 27న ఫాక్స్ ఛానెలే రెంట్ అనే సంగీత నాటకం చేయబోగా, ముందురోజు డ్రెస్ రిహార్సల్‌లో బ్రెన్నిన్ హంట్ అనే ముఖ్య నటుడి పాదం ఎముక విరిగింది. అతని పాత్రకు ప్రత్యామ్నాయ నటుడు లేడు. రిహార్సల్‌ను రికార్డు చేసి ఉంచారు కాబట్టి ఆ రాత్రి చాలా భాగం అదే చూపించి, చివరి భాగం మాత్రం లైవ్‌గా ఇచ్చారు. కనుక డ్రెస్ రిహార్సల్స్ రెండు పెట్టుకోండి, రెండింటికీ వేర్వేరు జనాన్ని పిలవండి, రెండూ అన్ని కెమెరాలతో ప్రసారానికి పనికొచ్చే నాణ్యతతో రికార్డు చేయండి. ముఖ్య పాత్రలకు ప్రత్యామ్నాయ నటులు ఒకసారైనా కెమెరాల ముందు పాట పాడి ఉండాలి. మొదటి జనం నవ్విన చోట రెండో జనం నవ్వకపోతే అక్కడ ఖాళీని నమ్మకండి, షాటును ప్రతిస్పందన ముఖానికి మార్చి పెట్టుకోండి. రెండుసార్లూ జనం నవ్విన చోట ఎన్ని సెకన్లు నవ్వారో స్క్రిప్టు అంచున రాసి ఆవర్తనాల లెక్కలోకి ఎక్కించండి. ఆ రాత్రి అసోసియేట్ డైరెక్టర్‌కు అంతకంటే పనికొచ్చే కాగితం ఉండదు.

చివరగా, అసలు లైవే కావాలా అని మీ నిర్మాతను ఒకసారి అడగండి. 1955 మార్చి 7న ఎన్‌బీసీ మేరీ మార్టిన్‌తో పీటర్ పాన్‌ను లైవ్‌గా ఇచ్చినప్పుడు వేరే దారి లేదు. వీడియోటేపు ఇంకా వాడుకలోకి రాలేదు. జనం మళ్లీ అడిగితే 1956 జనవరిలో మొత్తం మళ్లీ ఆడవలసి వచ్చింది, 1960లో గాని దాన్ని టేపు మీద భద్రపరచలేదు. 1964లో వన్స్ అపాన్ ఎ మ్యాట్రెస్ అనే హాస్య సంగీత నాటకాన్ని సీబీఎస్ కరోల్ బర్నెట్‌తో ప్రేక్షకుల ముందే ఆడించి టేపు మీద తీసి ప్రసారం చేసింది. నవ్వులు నిజమైనవే, ప్రమాదం మాత్రం లేదు. ఇప్పటి ఛానెళ్లు లైవ్ కోరేది ప్రకటనలు దాటవేయకుండా అందరూ ఒకేసారి చూస్తారన్న ఆశతో. అమెరికాలోనైనా అది తూర్పు తీరానికే లైవ్, పడమటి తీరంవాళ్లు మూడు గంటల తర్వాత టేపు చూస్తారు. మీ ఛానెల్‌కు ఆ ప్రకటనల లాభం లేకపోతే, పైన చెప్పిన ఏర్పాట్లన్నీ ఇలాగే చేసి, జనం ముందు ఆపకుండా ఒకే ఊపులో ఆడించి, రికార్డు చేసి ఆ వారాంతంలో ప్రసారం చేయండి. లైవ్ తప్పదంటే మాత్రం నిర్మాత చేత ముందుగా ఒప్పించవలసినవి రెండు: ప్రేక్షకుల కుర్చీలు, రెండో డ్రెస్ రిహార్సల్. బడ్జెట్ కోత పడినప్పుడు మొదట ఎగిరిపోయేవి ఆ రెండే. వాటి బదులు ఒక జిబ్‌ను, రెండు కెమెరాలను వదులుకోవడానికి సిద్ధంగా ఉండండి.